సంచిలోని సిరంజి

మీకొక సంగతి చెప్పాలి. ఏళ్ల తరబడి అది గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మా ఆయనకి సగం తెలుసు. దేవుడికి మొత్తం తెలుసు. తెలియాల్సిన మనిషికి మాత్రం ఇవాళ్టి వరకూ ముక్క కూడా తెలియదు.

నా పేరు చెప్పను. ఇందులో వచ్చేవాళ్ల పేర్లు మార్చాను. ఊళ్ల పేర్లు మాత్రం మార్చలేదు. అవనిగడ్డని ఇంకేదో ఊరని రాయబోయి ఆగిపోయాను. మళ్లీ ఇంకో అబద్ధమా అనిపించింది. ఆడినవి చాలు.

మా అమ్మాయిని బ్లెస్సీ అనుకోండి. గుడివాడలో మా పుట్టింటి దగ్గర పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. తర్వాత ఏడ్చింది గానీ, ఆ కాసేపట్లోనే మెదడుకి జరగాల్సిన నష్టం జరిగిపోయిందన్నారు. కూర్చోలేదు. మెడ నిలపలేదు. మింగబోతే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోయేవి. అందుకని పొట్టకి గొట్టం పెట్టారు. పాలైనా జావైనా మందైనా, సిరంజితో ఆ గొట్టంలోకి పోయాల్సిందే. వీటన్నిటి మీదా ఫిట్స్. రోజుకి ఎన్ని వచ్చేవో లెక్కపెట్టడం మానేశాను, లెక్కపెడితే ఏడుపొచ్చేది.

నేను నోరున్నదాన్నని చెప్పాలి మీకు. పెళ్లికి ముందు అంత లేదు, బ్లెస్సీ నేర్పింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అమ్మే అడగకపోతే ఆ పిల్లకి ఇంకెవరు అడుగుతారు? బందరు ఆసుపత్రిలో వరస తప్పించి లోపలికి వెళ్లినవాళ్లని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. గొట్టం ఊడిపోయిన రోజు, రేపు రమ్మన్నవాళ్ల ముందు నేలమీద కూర్చున్నాను, లేస్తే ఒట్టు. మందుల షాపులో బిళ్ల కంపెనీ మారిస్తే అక్కడే పోట్లాడేదాన్ని, ఆ కంపెనీది మా పిల్లకి పడదు మరి. బస్సులో సీటు కోసం, అంగన్‌వాడీలో పేరు కోసం, ఎక్కడికి వెళ్లినా గొడవే. గయ్యాళి అన్నారు. అననీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పేరంటే కాస్త గర్వంగా కూడా ఉండేది. ఇంత నోరున్న మనిషి ఒక్క మాట దగ్గర నోరు మూసుకుంది. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే.

మాది అవనిగడ్డ పక్కన చిన్న చర్చి. అక్కడి ఆడవాళ్లలో ఎక్కువమంది కూలికి వెళ్లేవాళ్లే. నాట్లు, కలుపు, కోతలు. వాళ్లు నా బిడ్డ కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కో రోజు పంచుకున్నారు. అప్పుడు నాట్ల కాలం. పొద్దున్నుంచి నడుం వంచి బురదలో నిలబడి, తమ వంతు వచ్చిన రోజున పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, సాయంత్రం అదే తడిచీరతో మా ఇంటికి వచ్చి బ్లెస్సీ మంచం చుట్టూ మోకాళ్లూనేవాళ్లు. శాంతమ్మ మామ్మకి సుగరు. వద్దని ఎంత చెప్పినా వినేది కాదు. "నా కడుపు కాలితే ఏంటే, ఆ పిల్ల కడుపులో గొట్టం ఉంది కదే" అనేది.

అదే రోజుల్లో బందరు డాక్టరుగారు బ్లెస్సీకి ఒక మందు మార్చి, ఇంకొకటి కలిపారు. కొన్ని వారాల్లో ఫిట్స్ ఆగిపోయాయి. తగ్గలేదు, ఆగిపోయాయి. పిల్ల కళ్లు తెరిచి నన్ను చూసింది. ఫ్యాను వైపు చూసి నవ్వింది. నేను మంచం పక్కన కూలబడి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

మా చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాలుంటాయి. దేవుడు మేలు చేసినవాళ్లు లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. పరీక్ష పాసైనా సాక్ష్యమే, తప్పిపోయిన గేదె దొరికినా సాక్ష్యమే. మా వంతు వచ్చిన ఆదివారం మా ఆయన భోజనాలు కూడా పెట్టించాడు. ప్రేమ విందు అంటాం. బ్లెస్సీకి తెల్ల గౌను వేసి ఒళ్లో పడుకోబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఏం చెప్పాలో ఇంటిదగ్గరే అనుకున్నాను. మీ ప్రార్థనల వల్ల, డాక్టరుగారి మందుల వల్ల. అంతే. రెండు ముక్కలు.

లేచాను. మైకు పట్టుకున్నాను. మీ ప్రార్థనల వల్ల, అన్నాను. శాంతమ్మ మామ్మ అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది. పక్కన అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. రెండో ముక్క నోట్లోంచి రాలేదు. మందుల పేరెత్తితే వాళ్ల ఉపవాసాలకి విలువ తగ్గించినట్టవుతుందేమో అనిపించింది. అక్కడితో ఆగి కూర్చున్నా పోయేది. అదొక మింగేసిన మాట, అంతే. కానీ ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకెవరో "హల్లెలూయ" అన్నారు. ఆ ఊపులో నా నోటి నుంచి వచ్చేసింది. "మందులన్నీ పక్కన పెట్టేశాం. ఆయనే ముట్టాడు."

వాళ్ల మీద ప్రేమతో అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం కాదు. కానీ మొత్తం నిజమూ కాదు. మీ దగ్గర దాచడమెందుకు? నా పిల్లని చూసి అప్పటిదాకా అందరూ "అయ్యో పాపం" అన్నవాళ్లే. "ఏ జన్మలో ఏం చేశారో" అన్నవాళ్లు బస్సులో, "తల్లిదండ్రుల విశ్వాసం ఎలాంటిదో" అన్నవాళ్లు మావాళ్లలోనే. ఆ ఒక్క రోజు మాత్రం నా పిల్లని చూసి ఎవరూ జాలిపడలేదు. వరసలో వచ్చి దాని పాదాలు ముట్టుకున్నారు. అది ఒక అద్భుతం అయింది. ఆ అద్భుతానికి తల్లిని నేను. ఆ రుచి నాకు నచ్చింది. ఇంతకన్నా గౌరవంగా ఈ మాటని ఎలా చెప్పాలో నాకు తెలియదు.

మా పాస్టరుగారిని అందరం అయ్యగారు అంటాం. ఆయన తప్పు ఇందులో ఇసుమంత లేదు. నేను కూర్చోగానే మైకు అందుకుని, "దేవునికి స్తోత్రం. అయితే ప్రియులారా, డాక్టరునడక్కుండా ఎవరూ మందులు మానొద్దు, వైద్యుణ్ణి పెట్టింది కూడా ఆయనే" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. కానీ ఆయనది సలహా, నాది సాక్ష్యం. జబ్బు బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఈ రెండింటిలో ఏది చెవికెక్కుతుందో నాకన్నా ఎవరికి బాగా తెలుసు?

ఆరాధన అయ్యేసరికి బ్లెస్సీ మధ్యాహ్నం మందు వేళ దాటుతోంది. వంటవాళ్లు బయట షామియానా కింద ఉన్నారు. అయ్యగారింటి వంటగది ఖాళీగా ఉంది. తలుపు దగ్గరగా వేసి, బిళ్ల నలిపి, నీళ్లలో కలిపి, సిరంజితో గొట్టంలోకి పోశాను. సిరంజి కడగకుండానే రుమాల్లో చుట్టి సంచిలో అడుక్కి తోశాను. దొంగతనం చేసినట్టే ఉంది. నా బిడ్డకి నేను మందు వేయడం దొంగతనం ఎప్పుడైంది?

బయటికి వచ్చి బంతిలో కూర్చున్నాను. ముందు విస్తరి, ఒళ్లో బ్లెస్సీ, మోకాలి కింద సంచి. అప్పుడొచ్చింది కరుణ. నాకన్నా చిన్నది. నాలుగేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చింది. నడిపించుకుని అన్న మాట గుర్తుంచుకోండి. ఆ పిల్లాడు నా విస్తట్లో లడ్డూ వంక చూసి, "అమ్మా, పసుప్పచ్చ బంతి" అన్నాడు. ఇద్దరం నవ్వాం. వాడి పేరు అభి అనుకోండి.

"వందనాలక్కా. నా పేరు కరుణ. మాది కోడూరవతల. మా ఆయన రొయ్యల చెరువు కాడ కాపలా. మా అక్కోళ్లింటికొచ్చి ఇలా చర్చికొచ్చాం. మా వాడిక్కూడా ఫిట్సేనక్కా."

"మందులు వాడుతున్నారా?"

"వాడతన్నామక్కా. వేస్తే మగతగా పడుకునుంటాడు, ఆట్టం కూడా మానేస్తాడు. చూళ్లేకపోతన్నా." గొంతు తగ్గించింది. "అక్కా, ఏవనుకోవద్దు. నిజంగానే ఆపేశారా? మొత్తం?"

సంచిలో సిరంజి ఇంకా తడిగా ఉంది. చుట్టూ ఆడవాళ్లు తినడం ఆపి వింటున్నారు.

"ఆపేశామమ్మా."

"భయమెయ్యలేదా అక్కా?"

"మొదట్లో వేసింది. విశ్వాసం ఉంటే భయం ఉండదు కరుణా."

అదీ నేనన్న మాట. ఎవరూ బలవంతం చేయలేదు. మైకు లేదు, హల్లెలూయలు లేవు. ఆ పిల్ల నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. నా వేళ్లకి నలిపిన బిళ్ల వాసన ఇంకా పోలేదు.

ఇంటికెళ్లే ఆటోలో మా ఆయన ఒక్కసారే అడిగాడు, ఎందుకలా చెప్పావని. "వచ్చే ఆదివారం సరిచేస్తాలే" అన్నాను. వచ్చే ఆదివారం సరిచేయలేదు. ఆ పై ఆదివారం అసలు చర్చికే వెళ్లలేదు.

తర్వాత ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చదువుతుంటే విన్నాను, కోడూరు సహోదరి కుమారుడు బందరు ఆసుపత్రిలో ఉన్నాడని. ఏమైందని ఎవరినీ అడగలేదు. అడగక్కర్లేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను. బ్లెస్సీని మా ఆయనకి అప్పజెప్పి మర్నాడే బందరు బస్సెక్కాను.

ఫిట్స్ మొదలై ఆగలేదట. తండ్రి బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని కోడూరు నుంచి అవనిగడ్డ, అక్కణ్నుంచి బందరు. దారి పొడుగునా ఆగలేదట. బతికాడు. బతికాడు అని డాక్టర్లు గట్టిగా చెప్పారు, అంతకు మించి చెప్పడానికి లేనట్టు. చూపు ఎక్కడో ఉంది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. బంతి అన్న పిల్లాడు మళ్లీ మాట్లాడలేదు. ఇవాళ్టికీ మాట్లాడలేదు.

నాకు ఆ వార్డు బాగా తెలుసు. ఏ సిస్టరు మంచిదో, ఎవర్ని కదిపితే పని జరుగుతుందో తెలుసు. వాడి కోసం అందరితో పోట్లాడాను, నా పిల్ల కోసం కూడా అంత పోట్లాడి ఉండను. మంచం మార్పించాను, పెద్ద డాక్టరుగారిని పిలిపించాను. ఆయన వచ్చి చీటీలు తిరగేసి, "మందులెందుకు ఆపారమ్మా?" అని కరుణనడిగారు.

కరుణ నా వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత తల దించుకుని, "అయిపోయాయండీ. తెచ్చుకోలేకపోయాం" అంది.

ఆయన తిట్టారు. తల్లివేనా అన్నారు. నోరున్న నేను పక్కనే నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె నన్ను కాపాడిందని తర్వాత గానీ అర్థం కాలేదు. నన్ను కూడా కాదు, నా సాక్ష్యాన్ని. దేవుడి పేరు డాక్టరు ముందు చులకన కాకూడదని తిట్లన్నీ తను తిన్నది. డాక్టరు వెళ్లాక వరండాలో నా భుజం మీద తల పెట్టి, "నా విశ్వాసవే చాల్లేదక్కా" అని ఏడ్చింది. "మీరన్నారుగా, విశ్వాసవుంటే భయవుండదని. నాకు రోజూ భయవేసింది. భయపడతానే ఆపాను. దేవుడికి తెలిసిపోయింది."

అప్పుడు చెప్పాలి. చెప్పాల్సిన చోటు అదే. మందు నేను ఒక్క పూట కూడా ఆపలేదని ఒక్క మాట అని ఉంటే, ఆ పిల్ల నన్ను ఛీకొట్టేది, కొట్టినా కొట్టేది. కానీ తనని తాను తప్పుపట్టుకోవడం ఆ వరండాలోనే ఆగిపోయేది. నేను దాని వీపు నిమిరాను. "అలా అనుకోకూడదమ్మా" అన్నాను. ఎంత మెత్తగా అన్నానో!

తర్వాత ఇన్నేళ్లూ నేను అభికి రెండో తల్లినయ్యానని లోకం అంటుంది. గొట్టంతో పాలు పోయడం కరుణకి నేర్పింది నేనే. వాణ్ని ఎలా ఎత్తుకోవాలో, కఫం ఎలా తీయాలో, ఆసుపత్రిలో ఎవర్ని ఏం అడగాలో అన్నీ నేర్పాను. భయపడుతూ మాట్లాడే కరుణ ఇప్పుడు కౌంటరు ముందు నాకన్నా గట్టిగా నిలబడుతుంది. ఒకసారి పిల్లలిద్దర్నీ తీసుకుని పాలకాయతిప్ప సముద్రం దగ్గరికి వెళ్లాం. అభి పాదాలు నీళ్లలో పెడితే వాడు గట్టిగా కేక పెట్టాడు, సంతోషంతో. కరుణ నవ్వింది. నేనూ నవ్వాను. వాడు ఆ ఇసకలో పరిగెత్తాల్సిన వయసని ఆ నవ్వు మధ్యలోనే గుర్తొచ్చింది. ఇదంతా ప్రేమా, తప్పు కప్పిపుచ్చుకోవడమా? ప్రేమే అనుకుంటాను. కానీ మొదలైంది ప్రేమతో కాదు.

బ్లెస్సీకి ఆ ఏడాది చివర్లో మళ్లీ ఫిట్స్ వచ్చాయి. అప్పుడు నేనేం చేశానో వినండి. చర్చిలో వెనక వరసకి మారాను. పాట మధ్యలో పిల్ల ఒళ్లు బిగుసుకుంటే పైట కప్పేశాను, ఎవరూ చూడకుండా. ఎవరి ముందూ తల వంచనని తిరిగినదాన్ని, నా పిల్ల జబ్బుని నేనే దాచాను. చివరికి కరుణతో, "మళ్లీ వచ్చాయి, మళ్లీ మందులు మొదలుపెట్టాం" అని చెప్పాను. మళ్లీ మొదలుపెట్టాం! అబద్ధానికి నిజంతో అంచు కుట్టాను. కరుణ నా చెయ్యి పట్టుకుని ఓదార్చింది. "మీకు కొన్నాళ్లయినా నిలిచిందక్కా. ఆయన మిమ్మల్ని కొన్నాళ్లయినా నమ్మాడు. నాకు అదీ లేదు."

ఇన్నాళ్లూ మోసినదాన్ని ఇంకా మోసేదాన్నే. కానీ మొన్న కరుణ మా ఇంటికి ఒక పిల్లతల్లిని తీసుకొచ్చింది. చంటిదానికి ఫిట్స్. అత్తగారింట్లో మందులొద్దంటున్నారట. "ఈ అక్కనడుగు, ఏం చెప్తే అది చెయ్యి" అంది కరుణ. నేను ఆ పిల్లతల్లి రెండు చేతులూ పట్టుకుని, ప్రార్థన చేసుకో, మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపకు, ఎవరు చెప్పినా ఆపకు అన్నాను. గట్టిగానే అన్నాను. ఎందుకో చెప్పలేదు.

కరుణ అభి తలని ఒళ్లో సర్దుకుంటూ, "విన్నావుగా. అక్క చెప్పినట్టే చెయ్యమ్మా. అందరికీ అక్కంత విశ్వాసం ఉండదు" అంది.

ఎంత మామూలుగా అందో. వాన పడేలా ఉంది అన్నట్టు. నాకు అప్పుడు తెలిసింది, నేను నోరు తెరిచి నిజం చెప్పినా నా పాత అబద్ధమే దానికి అర్థం చెబుతోందని. ఆ పిల్లతల్లి బ్లెస్సీ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది, తన విశ్వాసం ఎంతుందో కొలుచుకుంటున్నట్టు. నేను టీ పెడతానని లోపలికి వెళ్లిపోయాను. స్టవ్ ముందు నిలబడి ఏడ్చాను. టీ పొంగిపోయింది.

అందుకే రాస్తున్నాను. కరుణకి చెప్పాలి. మొహం మీద చెప్పాలి. ఆ పిల్లతల్లి ముందు కూడా చెప్పాలి. ఇన్నిసార్లు ఎందుకు చెప్పలేదని మీరడగొచ్చు. ఛీకొడుతుందని భయపడ్డానని అనుకునేదాన్ని. అది కాదు. కరుణ క్షమించేస్తుంది. నేను మాట పూర్తి చేయకముందే, "పోనీలే అక్కా" అంటుంది. ఆ మాట వినడానికి నాకు హక్కు లేదు. దేవుణ్ణి కూడా క్షమించమని అడగడం మానేశాను, చెప్పాల్సినవాళ్లకి చెప్పకుండా ఆయన్నడగడమేంటి? నాకు కావాల్సింది క్షమాపణ కాదు. ఇన్నేళ్లుగా ఆమె తన మీద పెట్టుకున్న కోపమంతా తీసి నా మీద పెట్టాలి. అది నాది. నాకు ఇచ్చేయాలి.

నోటికి అలవాటవ్వాలని ఇక్కడ ఒకసారి రాసుకుంటున్నాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

కరుణా, నువ్వు నన్నడిగిన ఆ ఆదివారం మధ్యాహ్నం, నువ్వు రావడానికి కాస్త ముందే నేను బ్లెస్సీకి మందు వేసి వచ్చాను. ఆ ముందు రోజూ వేశాను, ఆ మర్నాడూ వేశాను. నేను ఎప్పుడూ ఆపలేదు. నీ విశ్వాసానికి ఏ తక్కువా లేదమ్మా. నువ్వు నన్ను నమ్మావు, అంతే.